కొబ్బరిచిప్పలో ఐదో గింజ

మా ముత్తాత ఎక్కందే ముక్త్యాల రేవులో పడవ కదిలేది కాదు. మా తాత ఎదురైతే జగ్గయ్యపేట బజారు లేచి నిలబడేది.

మా పాపకు ఇంటికొచ్చి చదువు చెప్పిన టీచరమ్మ కూలీల బిడ్డ. పిల్ల చేసిన పనిని ఎన్నడూ తన చేత్తో మార్చేది కాదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది.

టైటానిక్ పాఠం రోజున బేసిన్‌లో మంచుగడ్డ తగిలి అట్ట ఓడ ఒరిగింది. చింతగింజలే మనుషులు. లైఫ్‌బోటు ఒక కొబ్బరిచిప్ప, ఐదుగురికే చోటని ఆట నియమం. పాప ఐదో గింజగా టీచరమ్మను ఎక్కించింది, నన్ను ఓడలోనే వదిలేసింది.

"అది నా చోటమ్మా," అన్నాను.

"నీకు ఈతొచ్చుగా నాన్నా! టీచర్‌కి రాదంట."

"ఆ గింజ తియ్యండి," అన్నాను టీచరమ్మతో.

ఆమె చేతులు ముందుకు రాలేదు.

"పాప ఎక్కించిందండి. నేను దించనండి. చదువు చెప్పడం మానెయ్యమంటే మానేస్తానండి."

మానెయ్యమనలేదు. ఇంకో రెండేళ్ళు ఆమే చెప్పింది. ఆమె జీతానికి, ఇంట్లో మిగిలిన మా తాత వెండి కంచం అమ్మేశాను.