అటకెక్కిన కాఫీ

కాఫీ తాగి ఉమ్మేయడం నా ఉద్యోగం. ఈ మాట చెబితే మా ఊళ్ళో ఇప్పటికీ కొందరు నవ్వుతారు, కొందరు మొహం చిట్లిస్తారు. అరకులోయలో ఒక చిన్న కాఫీ యూనిట్‌లో రుచి చూసేదాన్ని నేను. కొండ ఊళ్ళ రైతులు తెచ్చిన గింజల్ని వేయించి, పొడి చేసి, కప్పుల్లో వేడినీళ్ళు పోసి వరసగా పెడతారు. కప్పు మీద అంకె ఉంటుంది, పేరుండదు. చెంచాతో జుర్రి, నోరంతా తిప్పి, పక్కనున్న గిన్నెలో ఉమ్మేయాలి. అన్నీ మింగుతూ పోతే సగం బల్ల దాటేసరికి గుండె దడ, నాలుక మొద్దు. నేను బాగుందన్న సరుకు మా యూనిట్ కొంటుంది. వద్దన్నది వెనక్కి పోతుంది.

మా వైపు చేతికిచ్చింది ఉమ్మడం చిన్న విషయం కాదు. ఇచ్చినవాళ్ళు అందులో మందు పెట్టారని నలుగురిలో అన్నట్టే లెక్క. అందుకే పోసేవాళ్ళు ముందు తామొక గుక్క తాగి, అప్పుడు అందిస్తారు. అలాంటి ఊళ్ళో పుట్టినదాన్ని, ఉమ్మడం నేర్చుకోవడానికే నెల పట్టింది. నేర్పడానికి వచ్చిన సారు విసుక్కున్న కొద్దీ నాకు పంతం పెరిగింది. నేర్చుకునే తీరాను.

కిందటేడు మా అయ్య మొదటిసారి తన కాఫీని మా యూనిట్‌కి తెచ్చాడు. అంతవరకూ సంతలో షావుకారికే పోసేవాడు. "మా గుంట అక్కడే ఉంది" అని నా గురించి ఊరంతా చెప్పుకుని మరీ వచ్చాడు. ఏ కప్పు ఎవరిదో నాకు తెలియదు, తెలియకూడదు. పదకొండో కప్పు జుర్రగానే చెంచా ఆగిపోయింది. పొగ వాసన. ఏదో ఒక పొగ కాదు, మా ఇంటి పొగ. పొయ్యి మీది అటక, దానికి వేలాడే మొక్కజొన్న కంకులు, చోళ్ళ మూటలు, మసిపట్టిన ఆనపబుర్ర, అన్నీ ఒక్కసారి నోట్లోకి వచ్చాయి.

మా ఇళ్ళలో అటకకే పెద్దపీట. వచ్చే ఏటి విత్తనాన్ని అక్కడే దాస్తారు, పొగకి పురుగు పట్టదని. అయ్య తన కాఫీని ఆరుబయట ఆరబోసి వదలడానికి మనసొప్పక, విత్తనంతో సమానంగా అటకెక్కించాడు. కాఫీ గింజ పక్కనున్న వాసననల్లా పీల్చుకుంటుందని ఆయనకెవరూ చెప్పలేదు. ఊరూరా తిరిగి రైతులందరికీ చెప్పే నేను, మా ఇంట్లోనే చెప్పలేదు. ఆ తప్పు నాదే.

మన బంగారం మంచిదైతే కంసాలేం చేస్తాడంటారు. ఇక్కడ బంగారమూ మాదే, కంసాలినీ నేనే. పొగని ఏదో కొత్త పరిమళమని రాసి గట్టెక్కించడం నాకు చేతకాక కాదు. కానీ ఆ ముందు వారమే పక్క ఊరి ముసలమ్మకి, "అవ్వా, పొగ పట్టింది, తీసుకోలేం" అని మొహం మీదే చెప్పి పంపాను. ఆవిడకో న్యాయం, మా అయ్యకో న్యాయమా? ఉమ్మేశాను. కాగితం మీద "పొగ వాసన, వద్దు" అని రాశాను.

మర్నాడు అయ్య గేటు దగ్గర నిలబడ్డాడు. బస్తా కాళ్ళ దగ్గరుంది.

"ఏటి గుంటా, నా కాఫీ ఉమ్మేసినావంట?"

"అందరిదీ ఉమ్ముతానయ్యా. నా పనే అది."

"అందరిదీ ఉమ్మినారు, తీసుకున్నారు. నాది ఉమ్మి నాకే ఇచ్చేసినారు."

"అటక మీద ఎట్టినావు కదా. పొగ పట్టేసింది."

"ఇత్తనం ఎట్టే సోట ఎట్టినాను. అంతకన్నా మంచి సోటు మనింట్లో ఉందేటి?"

లేదు. నిజంగానే లేదు. "ఇంకెప్పుడూ ఇక్కడికి తేను" అని బస్తా భుజానికెత్తుకుని జీపెక్కాడు. గోనెల గదిలోకి వెళ్ళి ఏడ్చాను. రాసిన మాట మాత్రం దిద్దలేదు.

ఆ వారంలోనే మా మేనేజరుకి ఒక సరదా పుట్టింది. బయటి నుంచి కొనడానికి వచ్చేవాళ్ళు చూసేలా గోడ మీద మా అందరి ఫోటోలూ పెట్టి, కింద ఒక చీటీ అంటిస్తారట. ఎవరూ లేని దీవిలో ఒంటరిగా చిక్కుకుంటే, వెంట ఉంచుకునే ఒకే ఒక్క తాగేది ఏమిటో అందులో రాయాలి. కాఫీ వేయించే అన్న అల్లం టీ అని రాశాడు. గింజలు ఏరే వదిన చోడి అంబలి అంది, దాహంతో పాటు ఆకలీ తీరుతుందని. వాచ్‌మన్ తాత, "జీలుగు సెట్టు ఉంటే సెప్పండి బాబూ, ఇప్పుడే ఎల్లిపోతాను" అన్నాడు, కల్లు కోసం. కాఫీ అన్నవాడు ఒక్కడూ లేడు. మేనేజరు తల పట్టుకుని నా వైపు తిరిగారు. "కనీసం నువ్వైనా కాఫీ అనమ్మా!"

అన్నాను. "పదకొండో నంబరు, పొగ కాఫీ" అని రాసిచ్చాను.

"మనం వద్దన్నదాన్ని మన గోడ మీదే పెట్టమంటావా?"

"అమ్మడానికి వద్దన్నాను సార్. దీవిలో కొనేవాళ్ళుండరు కదా. అక్కడ నాకు మా ఇల్లు కావాలి."

మార్చమన్నారు. మార్చనన్నాను. నా ఫోటో కింద రెండు రోజులు ఖాళీగా ఉంది. మూడో రోజు ఆయనే గొణుక్కుంటూ ఆ చీటీ అంటించారు.

ఆదివారం ఇంటికెళ్ళాను. అయ్య మొహం అటు తిప్పుకున్నాడు. అటకెక్కి గుప్పెడు గింజలు తీసి, వేయించి, దంచి, మరిగించి రెండు గ్లాసుల్లో పోశాను. ఆనవాయితీగా ముందు నేనొక గుక్క తాగి ఆయనకి ఒకటి అందించాను. నా గ్లాసు ఆఖరి చుక్క దాకా మింగి, బోర్లించి చూపించాను. దీవి సంగతీ, చీటీ సంగతీ చెప్పాను.

గ్లాసు కింద పెట్టి, "ఎవులూ లేని సోటికి నువ్వెందుకెల్తావే?" అన్నాడు.

"ఎల్లనయ్యా. ఊరికే అడిగినారు."

ఆ ఎండాకాలం నేను సెలవు పెట్టి పెరట్లో వెదురు బద్దలతో నడుమెత్తు బల్ల కట్టడం మొదలుపెట్టాను. కాఫీ ఆరబెట్టడానికి అని చెప్పాను. అయ్య అరుగు మీంచి చూస్తూ కూర్చున్నాడు. నేను వేసిన ముడులు రెండుసార్లు జారిపోయాక లేచి వచ్చి, "అలా కాదు" అని తాడు లాక్కున్నాడు. మళ్ళీ యూనిట్‌కి తెస్తానని మాత్రం అనలేదు.

ఈ ఏడు వచ్చాడు. చెప్పకుండా, పొద్దున్నే, బస్తాతో జీపు దిగాడు. సరుకు వేయించి కప్పుల్లో పోసిన రోజు మళ్ళీ వచ్చి, మేనేజరుని అడిగి, రుచి చూసే గది అద్దం బయట నిలబడ్డాడు. జుర్రాను, ఉమ్మాను. మళ్ళీ జుర్రాను, ఉమ్మాను. ఆయన తల తిప్పుకోలేదు. ఆ వరసలో ఏ కప్పులోనూ పొగ లేదు. మా ఇల్లు ఎక్కడా తగల్లేదు. ఎంత సంతోషమేసిందో అంత దిగులూ వేసింది.

సరుకు తీసుకున్నామని కాగితం చేతికిచ్చాక, అయ్య తువ్వాలు విప్పి ఒక చిన్న మూట తీశాడు. చెయ్యి చాచకముందే పొగ వాసన తగిలింది.

"ఇది మాత్రం ఉమ్మకు. నీ దీవికి" అన్నాడు.