మూడు చుక్కల పాఠకుడు

ఆ ఎన్నికల నెలలో జమ్మలమడుగులో నేను పాఠాలు చెప్పే బడిలోకి సాయుధ పోలీసులు దిగారు. నల్లబల్లల మీద వాళ్ల డ్యూటీ పట్టికలు, వరండాలో ఆరేసిన బనియన్లు. పిల్లలకూ నాకూ సెలవు. నెలాఖరున పులివెందులలో చర్చా సభ ఉంది. పుస్తకం పట్టిన చెయ్యి బాంబు పట్టదన్నది నా పక్షం. ఇరవై ఏళ్లుగా అదే నమ్మి, అదే రాసి, అదే అరిచినవాణ్ణి. కానీ సభ పెట్టినాయన ఈసారి మెలిక పెట్టాడు.

"సారూ, నీ ఉపన్యాసాలు శానా విన్నాం. ఒక్క మనిషిని చూపించు, సాలు."

పొద్దుపోక ప్రొద్దుటూరులోని అద్దె పుస్తకాల అంగడికి పోయాను. నేను మెచ్చే పుస్తకాలు అక్కడ అరడజను కూడా లేవు. మిషన్ బడి టీచరైన మా నాన్న ఇంట్లో బైబిలు తప్ప మరో పుస్తకం ఉంచలేదు. నేను పెద్దయ్యాక బైబిలునూ ఉంచలేదు. సరే, జనం చదివేదే చదువుదామని మొండికేసి డిటెక్టివ్ నవల, వ్రతకథలు, ప్రేమ నవల, చీనీ, అంటే బత్తాయి, తోటల సాగు, ఏది దొరికితే అది తెచ్చుకున్నాను. డిటెక్టివ్ నవలను కూర్చున్న చోటి నుంచి లేవకుండా ముగించి సిగ్గుపడ్డాను. ప్రేమ నవల చివర కళ్లు తుడుచుకున్నాను.

చదివిన పుస్తకానికే మళ్లీ అద్దె కట్టకుండా ఆ అంగడి ఖాతాదారులు తలా ఒక గుర్తు పెట్టుకునేవాళ్లు. నేను తెచ్చిన ప్రతి పుస్తకంలోనూ ఇరవయ్యో పేజీ కింద మూడు పెన్సిల్ చుక్కలున్నాయి. ఆ చుక్కల మనిషి పేజీల అంచుల్లో రాతలు కూడా రాసేవాడు. వ్రతకథల పక్కన, "ఇది ఎవరు చూసినారు?" డిటెక్టివ్ నవలలో, "ఇట్ల చేస్తే దొరుకుతాడు." ప్రశ్నించే బుర్ర! నాకు తోబుట్టువు దొరికినట్టయింది. దయ్యాలూ దేవుళ్లూ లేరని నేను రాసిన పుస్తకంలోనూ అవే చుక్కలు కనిపించేసరికి నా రుజువు దొరికిందనుకుని, ఆ చుక్కలెవరివని అంగట్లో అడిగాను.

"ఆయప్పా? పులివెందుల పక్కన చీనీ తోటలో ఉంటాడు. బయటికి రాడు. పుస్తకాలు బస్సులో పంపిస్తాంటా," అన్నాడు అంగడాయన.

సభ రోజు పొద్దున్నే నా పుస్తకంతో కలిపి నాలుగు పుస్తకాలు సంచిలో వేసుకుని ముద్దనూరు మీదుగా పోయాను. తోట గేటు దగ్గర ఇద్దరు నా సంచి దులిపి, ఒక్కో పుస్తకాన్నీ తలకిందులుగా విదిలించి లోపలికి వదిలారు. రేకుల కొట్టం కింద మంచం మీద, దారంతో కట్టిన కళ్లద్దాలతో, యాభై ఏళ్ల మనిషి. నేనెవరో చెప్పగానే లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వా సారూ! నీ పుస్తకం నన్ను బతికిచ్చింది. ఒకణ్ణి నరికినాక తొమ్మిది నెల్లు నిద్ర లేదు నాకు. కండ్లు మూస్తే వచ్చి కాళ్లకాడ కూసునేటోడు. తాయెత్తు కట్టిచ్చుకుంటి, దర్గాకు పోతి. యాడా కుదర్లా. దయ్యమనేది మన బుర్రలోదే అని రాసినావు సూడు, ఆ పొద్దు నుంచి హాయిగా పండుకుంటాండా."

"ఆ తర్వాత?"

"తర్వాత ఇద్దరు. ఒక్కరోజు గూడా నిద్ర చెడలా."

నా వెంటే లోపలికి వచ్చిన గేటు దగ్గరివాడు నవ్వాడు. "మా మామకు నీ పుస్తకమే తాయెత్తు సారూ!"

నేను అన్నాను: "చచ్చినోడు రాడు, నిజమే. వాని పెండ్లాం బిడ్డలు బతికే ఉండారు కదప్పా?"

ఆయన ఎగతాళి చేయలేదు. నిజంగానే ఆలోచించాడు. "అది నీ పుస్తకంలో లేదే సారూ. రెండుసార్లు చదివినా."

పులివెందుల బస్టాండు బెంచీ మీద కూర్చుని నా పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాను. ఆయన చెప్పింది నిజం. చచ్చినవాళ్లు తిరిగి రారని నూట ఎనభై పేజీలు రుజువు చేశాను. బతికున్నవాళ్ల గురించి ఒక్క వాక్యం లేదు. అంత అవసరమైన మాట ఎవరికైనా తెలిసే ఉంటుందని రాయలేదు.

సాయంత్రం సభలో అవతలి పక్షం వకీలు, దేవుడి భయం పోతే మనిషి మృగమవుతాడన్నాడు. నా వంతు వచ్చింది. తెచ్చుకున్న కాగితాలు తీయలేదు. ఊరూ పేరూ లేకుండా పొద్దున విన్నది విన్నట్టు చెప్పి, నా వాదం నిలవదన్నాను. వెనక వరస నుంచి ఎవరో అరిచారు:

"అయితే ఏందంటావ్ సారూ? దయ్యాలు ఉండాల్నంటావా?"

"లేవు," అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. ఆ మాట తర్వాత, బతికున్నవాళ్ల గురించి రావలసిన వాక్యం కోసం మైకు ముందు నిలబడ్డాను. అధ్యక్షుడు గంట కొట్టేదాకా నిలబడే ఉన్నాను.