తెగని కూత

నా చిన్నప్పుడు మా దేవరకొండ పక్క ఊళ్లలో చెడుగుడు బాగా ఆడేవాడికి వెట్టి ఉండేది కాదు. అవి నిజాం రోజులు. దొర కబురు పెడితే కూలి లేకుండా చాకిరీ చేయాలి, ఆయన బండి కట్టుకుని బయలుదేరితే దాని ముందు పరుగెత్తాలి. అయితే దొరలకు ఆట పిచ్చి ఉండేది. ఒక్కో దొర ఏడుగురిని ఏరి, వెట్టి తప్పించి, తిండికి జొన్నలిచ్చి ఆట కోసమే ఉంచుకునేవాడు. ఓడిన జట్టు మర్నాటి నుంచి మళ్లీ వెట్టికే. అలా ఆడేవాళ్లలో మా మేనమామ ఒకడు.

ఆ ఏడు పొరుగూరి జట్టుతో ఆట పడింది. నేను అత్త పక్కన, గీతకు దగ్గరగా కూర్చున్నాను. చూస్తుండగానే మావాళ్లు ఒక్కొక్కరే చచ్చి బయటికి వచ్చేశారు. చెడుగుడులో చావంటే అంతే, అవతలివాడు ఒకడు చస్తే మనవాడు ఒకడు బతికి లోపలికి పోతాడు. చివరికి మామ ఒక్కడే మిగిలాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెకు నెలలు నిండాయి, మామ వెట్టికి పోతే చెలక దున్నే దిక్కు లేదు.

మామ కూతకు పోయాడు. నలుగురు మీద పడి నేలకు అదిమారు. వాళ్లలో బక్కగా, పొడుగ్గా ఉన్న ఒకతను నడుము పట్టాడు. మామ గొంతు సన్నబడింది, గురక పుట్టింది, కళ్లు తేలేశాడు. మామ నిజంగానే పోతున్నాడని నేను ఏడుపు అందుకున్నాను. ఆ పొడుగు మనిషి కూడా బెదిరిపోయి, ఊపిరాడతలేదు, ఇడువుర్రి అంటూ తనవాళ్ల చేతులు లాగేశాడు. పట్టు వదలడమే ఆలస్యం, మామ ఒక్క దూకుతో గీత ముట్టాడు. ముట్టేదాకా పెదవుల మీద చెడుగుడు, చెడుగుడు ఆడుతూనే ఉంది. కూత తెగలేదని పెద్దమనుషులు తేల్చారు. పట్టిన నలుగురూ చచ్చారు, మావాళ్లు నలుగురు బతికారు. ఆపైన గెలవడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఊరు మామను భుజాల మీద ఊరేగించింది. నేనైతే వారం రోజులు ఆ గురక తీసి చూపించి తోటి పిల్లల్ని నవ్వించాను. మామ మాత్రం ఒక్కసారీ నవ్వలేదు.

తర్వాత ఒకనాడు మామతో అంగడికి పోతుంటే పొరుగూరి దొర బండి ఎదురైంది. దాని ముందు ఆ పొడుగు మనిషే పరుగెత్తుతున్నాడు, పాదాలు పగిలి నెత్తురు కారుతోంది. ఎద్దులకు నీళ్లు పెట్టడానికి బండి ఆగినప్పుడు మామ మా నీళ్లబుర్ర తీసుకుపోయి అతనికి అందించాడు. అతను తాగలేదు.

“నిజం జెప్పన్నా. ఆ దినం నీకు ఊపిరాడిందా?”

“ఆడింది,” అన్నాడు మామ.

అతను తలూపాడు. బండి కదిలింది, మళ్లీ పరుగందుకున్నాడు.

మామ కళ్లు తుడుచుకుంటుంటే నాకు చిరాకేసింది. గెలిచింది మనమే కదా, ఎందుకేడుస్తావని అడిగాను.

“గెలిచినం బిడ్డా. గని రేపు ఎవడన్న నిజంగనే ఊపిరాడక పడితే, గా పొడుగాయిన ఇగ నమ్మి పట్టు ఇడువడు.”

మామ మళ్లీ కూతకు పోలేదు. తనంతట తానే వెట్టికి పోయాడు. అత్త పచ్చి బాలింతగా చెలకలోకి దిగింది. ఆ ఏడాది ఆమె పడ్డ కష్టం తలచుకుంటే మామ మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయన అన్నది తప్పు అని మాత్రం ఏనాడూ అనలేకపోయాను.

ఇప్పుడు మనవళ్లు బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అంటారు. దొంగనొప్పని తెలిసినా పక్కన కూర్చుని కడుపు నిమురుతాను. గారాబం చేసి చెడగొడుతున్నానని కోడలు విసుక్కుంటుంది. నిమిరాక ఒక్కటే చెప్తాను వాళ్లకు, నొప్పి లేనప్పుడు నొప్పి అనొద్దని. వాళ్లకు నిజంగా నొప్పి పుట్టే రోజుకు నేనుండను. ఆ రోజు నమ్మి చేయి వేసేవాళ్లు ఒకరైనా మిగలాలి.