బర్మా నుంచి వచ్చిన బిళ్ల

బొగ్గుల మీద మక్కకంకి కాలే వాసన గోదావరిఖని చౌరస్తాలో ఇప్పటికీ నన్ను నిలబెట్టేస్తుంది. వెంటనే అరవైల నాటి వానాకాలం కళ్ల ముందుకొస్తుంది: రేకుల కప్పు మీద చినుకులు, ఆరని బట్టల మసివాసన, షిఫ్టు సైరను, కుంపటి ముందు కూర్చుని కంకులు తిప్పుతూ మా మేనత్త రాజవ్వ చెప్పే యుద్ధకాలం కబుర్లు.

ఆమె భర్త రెండో ప్రపంచ యుద్ధంలో పటాలంతో బర్మా వెళ్లి తిరిగి రాలేదు. చావు కబురూ రాలేదు. కిరసనాయిలు దొరక్క పొద్దుండగానే అన్నాలు తిన్నామనీ, బట్ట కరువై తల్లీ తానూ ఒకే మంచి చీరను వంతులేసుకుని కట్టుకున్నామనీ, లెవీ కింద సర్కారువాళ్లు జొన్నలు కొలుచుకుపోయారనీ చెప్పేది. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, నుదుట రూపాయంత బొట్టు. బతుకమ్మ నాడు పసుపు పంచే ఆడవాళ్లు ఆమె దగ్గరికి వచ్చేసరికి ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు.

"ఇరవై ఏండ్లాయె, ఇంకేం గాజులు రాజవ్వా?" అని ఒకామె అననే అంది.

"నీ మొగడు ఇంట్లుండి గూడ లేనట్టే గదనే, నువ్వెందుకేసుకున్నవ్?"

అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు.

ఆ ఏడే ఖాజా కాక మా క్వార్టర్ల వరుసలోకి వచ్చాడు. బొగ్గుబాయి మీద మెకానిక్. ఆయనా బర్మాలో పోరాడినవాడే. జలగలు, జ్వరాలు, విమానం చప్పుడు వినగానే బురదలో మొహం పెట్టి పడుకోవడం గురించి మాకు చెప్పేవాడు. అత్త భర్త పేరూ ఊరూ విన్ననాడు మాత్రం ఛాయ్ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున వాకిట్లో నాన్న చేతిలో ఒక గుండ్రటి బిళ్ల పెట్టాడు. దాని మీద నంబరు, మామ పేరు చెక్కి ఉన్నాయి.

"నా చేతులతోనే మట్టి ఇచ్చిన భాయ్. మెడలకెల్లి ఇది తీసిన. అప్పజెప్పుదమంటే మా సాబ్ గూడ పోయిండు. గప్పట్నుంచి పెట్టెలనే ఉన్నది."

ఇద్దరూ లోపలికి వచ్చారు. "అక్కా, ఇది బావ బిల్ల" అన్నాడు ఖాజా కాక. దాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు.

నాన్న బాయి దగ్గర దీపాలిచ్చే గదిలో పనిచేసేవాడు. కార్మికుడు తన నంబరు బిళ్ల అక్కడ ఇచ్చి, తలకు దీపం పెట్టుకుని దిగుతాడు; పైకొచ్చి దీపం అప్పగించాకే బిళ్ల తీసుకుంటాడు. బిళ్ల కొక్కేనికి ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు, అతని కోసం వెతికి తీరాలన్నట్టు. అత్తకు తెలిసిన బిళ్ల అదొక్కటే. ఆమె ముఖం వెలిగిపోయింది.

"బిల్ల మీద్నే ఉన్నదంటే మనిషి లోపట ఉన్నట్టే గదరా తమ్మీ! దేవులాడుతరు. పైకి తెస్తరు."

నాన్న నోరు తెరిచి, ఆమె గాజుల వైపు చూసి, మూసుకున్నాడు. ఖాజా కాక తల దించుకున్నాడు. వాకిట్లో మాటలన్నీ విన్న నేను బయటికి వెళ్లిపోయాను.

ఆ తర్వాత ఖాజా కాక ఎప్పుడు కనిపించినా "దేవులాడుతున్నరా తమ్మీ?" అని అత్త అడిగేది. "దేవులాడుతున్నరక్కా" అనేవాడు. ఆర్నెల్లకు ఆయన బదిలీ పెట్టుకుని రామకృష్ణాపూర్ వెళ్లిపోయాడు.

డెబ్బైల్లో అత్త పోయింది. ఎట్లా సాగనంపాలో తేల్చుకోలేక ఆడవాళ్లు నాన్న వైపు చూశారు. నాన్న బజారుకు వెళ్లి కొత్త గాజులు, పసుపు, కుంకుమ తెచ్చాడు. "ముత్తైదువ లెక్కనే చెయ్యున్రి" అన్నాడు.

మా క్వార్టర్ల వరుస బొగ్గు కోసం నేలంతా తోడేసిన ఓపెన్‌కాస్టు తవ్వకంలో పోయింది. నాన్న లేడు, ఖాజా కాకా లేడు. బర్మాలో మామను పాతిపెట్టిన చోటు ఎక్కడని నేను ఖాజా కాకను ఒక్కసారైనా అడగలేదు.