కళ్లంలో నల్ల కారు

గాసి వయసులో సగం సర్వీసు జీపులోనే గడిచింది. కొండమీది ఊళ్ల జనాన్ని గుమ్మలక్ష్మీపురం సంతకు దించడం, చీకటి పడకముందే ఎక్కించి తెచ్చెయ్యడం. లోపల కూర్చున్నవాళ్లకంటే వెనక వేలాడేవాళ్లే ఎక్కువుండే ఆ బండిని ఏ మలుపులో ఏ గేరులో తిప్పాలో అతని చేతికి నిద్రలో కూడా తెలుసు. జీపు తుక్కుకు పోయిన ఏడాది అతను విశాఖపట్నం వెళ్లి, ఎవరో కంపెనీ పెద్దమనిషి వాడి వదిలేసిన నల్ల సెడాన్ కొనుక్కొచ్చాడు. తోలు సీట్లు, తలుపు వేస్తే దిండు తట్టినంత చప్పుడు. కొండమీది పెళ్లికూతుళ్లు ఇక ట్రాక్టర్లలో దిగకూడదని అతని పట్టుదల.

"ఈ ఇంజన్లు పట్నంలోనే ఏడిపిస్తాయి. నీ ఘాటీలో బతకవు" అని అమ్మినవాడే అన్నాడు. గాసి నవ్వి తాళాలు అందుకున్నాడు.

మొదటి వేసవిలోనే అది ఘాటీ కొండదారి మధ్యలో వేడెక్కి ఆగిపోయింది. జీపయితే పక్కన పారే గెడ్డలో నీళ్లు తెచ్చి పోసి లాగించేవాడు. దీని ప్లాస్టిక్ గొట్టం వేడికి పెళుసెక్కి చిట్లిందని చూసి, ఇంజన్ చల్లారేదాకా రాయి మీద కూర్చున్నాడు. కొత్త గొట్టం వేయించి, గెడ్డ నీళ్ల జోలికి పోకుండా ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ మాత్రమే పోశాడు. వానల్లో ఒక సిలిండరు మండక బండి కుంటితే, నిప్పురవ్వ పుట్టించే కాయిళ్లు ఒక్కొక్కటే అటూ ఇటూ మార్చి చూసి చచ్చినదాన్ని పట్టుకున్నాడు. ఇంజన్ పైమూత అంచున ఆయిల్ చెమటలా ఊరితే ప్యాకింగ్ మార్చాడు. ఒక్కో జబ్బు కుదిరేకొద్దీ అతని ధీమా పెరిగింది.

ఒక్కదాంతోనే అతనికి పడలేదు. ఆ ఇంజన్‌కు డిప్‌స్టిక్ లేదు. కమ్మీ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి ఆయిల్ ఎంతుందో చూడడం అతనికి పొద్దున్నే ముఖం కడుక్కోవడం లాంటిది. ఇక్కడ ఆ పని స్టీరింగు ముందున్న తెర చేస్తుంది. ఆయిల్ ఎంతుంటే గీత అంత పైకి లేస్తుంది, తక్కువైతే పసుపు దీపం వెలుగుతుంది.

కార్తీకంలో ఇంటి వాకిట్లో ఆ దీపం వెలిగింది. గాసి ఆయిల్ పోశాడు. సంతకెళితే దీపం ఆరిపోయింది, ఇంటికొస్తే మళ్లీ వెలిగింది. మళ్లీ పోశాడు. జీపు కూడా ఆయిల్ తాగేది కదా, పాత ఇంజన్ దాహం ఇంతే అనుకున్నాడు. దీపం లేనప్పుడు గీత ఎక్కడుందో చూడాలని అతనికి తోచలేదు. ఆ పై సంతనాటికి సైలెన్సరు నుంచి నీలం పొగ చుట్టలు చుట్టలుగా లేచింది.

పక్క ఊరి సుక్రు ఆ పొగలోనే నిలబడి దగ్గాడు. అతని కూతురు భాను పెళ్లి ఎల్లుండి. నల్ల కారు ఎప్పుడో మాట్లాడుకున్నాడు.

"ఇదేటి బావా, కారా? దోమల మందు కొట్టే మిసనా?"

"తగ్గిపోద్ది. పెళ్లికి నా కారే ఒత్తాది."

సుక్రు భుజం మీది తెల్ల తువ్వాలు తీసి సైలెన్సరు దగ్గర పట్టాడు. నల్లటి జిడ్డు చుక్కలు పడ్డాయి. "దీని ఎనకాల డప్పులోళ్లు ఎలాగ నడుత్తారు? రేపు పొద్దుగూకేలోగా పొగ నేకుండా సూపించు. నేదంటే సాలూరు కారుకి సెప్పీసుకుంతాను."

ఆ పెళ్లికి కొండమీది ఊళ్లన్నీ వస్తాయి. భాను వేరే కారులోంచి దిగడం అందరూ చూశాక తన కారును మళ్లీ ఎవరూ పిలవరని గాసికి తెలుసు.

ఇంటికొచ్చి, ఏటవాలు వాకిట్లో ఎప్పటిలాగే కారు ముక్కు గుమ్మం వైపు పైకుండేలా ఆపాడు. పిస్టన్ రింగులు అరిగితే ఇంజన్ మొత్తం విప్పాలి. అరిగితే ఎక్కుడులో లాగుడు తగ్గాలి కదా? తగ్గలేదు. లోపల ఎక్కడా కొట్టుకుంటున్న చప్పుడూ లేదు. మరి ఆ ఆయిల్ ఎందుకు కాలుతోంది?

అతని భార్య ఈశ్వరమ్మ గిన్నెలు తోమడానికి వెడల్పు బేసిన్‌లో నీళ్లు పోస్తోంది. కింది అంచున నీళ్లు పొర్లిపోయాయి.

"సూడు, ఇటు కారిపోతంది, అటు సగం ఎండిపోయుంది. వాకిలి సదును సేత్తానని పెళ్లయిన ఏడు సెప్పినావు. కారు తోముకోడానికి దొరికిన తీరిక దీనికి దొరకనేదు."

వచ్చే ఏడు అనబోయిన గాసి నోరు తెరుచుకునే ఉండిపోయింది. బేసిన్ వంక చూశాడు. ముక్కు పైకెత్తి నిలబడ్డ కారు వంక చూశాడు.

"ఏటలా గుడ్లప్పగించి సూత్తన్నావు?"

"ఆయిల్ తగ్గనేదే. ఎనక్కి జారిపోయి ముందు తక్కువ సూపిత్తంది. నానే పోసి పోసి ఎక్కువ సేసీసినాను."

ఎక్కువైన ఆయిల్‌ను ఇంజన్ చిలికి నురగ చేస్తోంది, ఆ నురగే లోపలికి పోయి పొగవుతోంది. తియ్యాలి. ఎంత తియ్యాలో తెలియాలంటే చదును నేల కావాలి. ఈ ఆయిల్‌తో ఘాటీ దిగితే ఇంజన్‌కే ముప్పు. బడి ఆవరణ ఏటవాలు. కాఫీ ఆరబెట్టే గచ్చు కూడా వాన నీళ్లు పోయేలా వాలుగానే కట్టారు. దగ్గరలో నిజంగా చదునైనది ఒక్కటే ఉంది. సుక్రు కళ్లం. చోళ్లు, అదే రాగులు, నూర్చడానికి మొన్ననే పేడతో అలికారు.

పొద్దున్నే కారు కళ్లం దగ్గర ఆగేసరికి సుక్రు చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"కళ్లంలోకి సెప్పులతో రాకూడదని తెల్దా? నీ కారు నాలుగేసుకుని ఒచ్చింది!"

"కడుగుతాను బావా."

గాసి తన చెప్పులు విడిచి, బకెట్టు, బ్రష్షు తీసుకుని చక్రాల ముందు కూర్చున్నాడు. సుక్రు వెనకే తిరుగుతూ టైరు గాడుల్లోకి వేలు చూపించాడు. "ఆ సందులో మిగిలిపోనాది. పెళ్లికొడుకు కాళ్లు కడిగినట్టు కడుగు."

కళ్లం మధ్యలో కారు ఆపి, ఇంజన్ వేడెక్కాక చూస్తే గీత పై గుర్తును దాటేసి ఉంది. గాసి గట్టిగా నవ్వాడు. కళ్లంలో చుక్క పడకూడదని కారును రోడ్డు మీదికి దింపి, కిందికి దూరి, బోల్టు వదులు చేసి డబ్బాలోకి కొంత ఆయిల్ తీశాడు. మళ్లీ చక్రాలు కడిగాడు, మళ్లీ చూశాడు. ఇంకా ఎక్కువే. మరోసారి దింపాడు. ఈసారి నీళ్లు సుక్రే మోసుకొచ్చాడు.

"ఈ సెడాన్ కంటే మా ఎద్దులు నయం. వాటికి కడగక్కర్నేదు."

"వాటికి ఏసీ నేదు గదేటి."

గీత సరిగ్గా గుర్తుల మధ్యకొచ్చింది. గొట్టాల్లో మిగిలిన జిడ్డు కాలిపోయేదాకా గాసి కారును ఘాటీలో కిందికీ పైకీ తిప్పాడు. పొద్దు వాలుతుండగా తిరిగొచ్చి, సుక్రు ఇంటి ముందు ఇంజన్ ఆపకుండా దిగాడు.

సుక్రు ఉతికిన తువ్వాలు తెచ్చి సైలెన్సరు దగ్గర పట్టి, "తొక్కు" అన్నాడు. గాసి కూర్చుని యాక్సిలరేటరు తొక్కాడు. సుక్రు తువ్వాలు వెలుతురుకు ఎత్తి చూసి, మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"రేపు బేగి వొచ్చీ."

"వత్తాను. డప్పులోళ్లకి సెప్పు బావా, కారుకి దగ్గరగానే నడవమను."

ఇంటికొచ్చి గాసి పార అడిగాడు. ఈశ్వరమ్మ అతని ముఖంలోకి చూసి, పార తెచ్చిచ్చి, వాకిట్లోంచి బేసిన్ తీసి పక్కన పెట్టింది.