అలారానికి కాపలా

మా ఉస్తాద్ చనిపోయాడని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేనొక కారు డాష్‌బోర్డు కింద తల దూర్చి పడుకుని ఉన్నాను. "అన్నా, నాయిన పొద్దుగాల పోయిండు" అంది. లేవబోతే స్టీరింగుకి తల కొట్టుకుంది. కారు ఓనరు పక్కనే ఉన్నాడు, దెబ్బకి కళ్ళనీళ్ళు వచ్చాయనుకున్నాడు. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

ఉస్తాద్ అంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. రాణిగంజ్ వెనక సందులో రేకుల షెడ్డు పెట్టుకుని కార్లకి కరెంటు పని చేసే మనిషి. హారన్లు, లైట్లు, టేపురికార్డర్లు, అలారాలు. రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులవి. నేను పనిచేసే టీవీల ఫ్యాక్టరీ మూతపడితే, ముప్పై మూడేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల తండ్రిగా వెళ్ళి ఆయన దగ్గర చేరాను. నాకు డిప్లొమా ఉంది, ఆయన చదివింది ఏడో తరగతి. ఆ సంగతి నాకు రోజూ గుర్తుండేది. ఆయనకి ఒక్కరోజూ గుర్తున్నట్టు కనిపించలేదు. "ఇంజినీర్ సాబ్, జెర ఆ ప్లయర్ ఇటియ్యి" అనేవాడు. అది వెటకారమో మర్యాదో నాకు చాలాకాలం తెలియలేదు.

వైరు తొక్క పళ్ళతోనే ఒలిచేవాడు. ముందు పన్నులో దానికో గాడి కూడా పడింది. విప్పిన స్క్రూలన్నీ టిఫిన్ డబ్బా మూతలో వేసేవాడు. చివర్లో ఒక్కటి మిగిలినా సరే, అంతా మళ్ళీ విప్పాల్సిందే. "మిగిలిందంటే యాడనో తక్కువున్నట్టే గదా" అనేవాడు. సాయంత్రం ఇంటికి బయల్దేరే వేళకి ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఒకసారి రెండు గంటలు విప్పి చూశాక ఆ స్క్రూ వేరే కారుదని తేలింది. అప్పుడూ ఆయనేం మొహమాటపడలేదు, చెయ్యి కడుక్కుని టీ తాగాడు.

మా చర్చిలో ఒక పెద్దమనిషి ఉండేవారు, బేగంపేటలో ఆఫీసరు. నామీద దయతో తన కారు మా షెడ్డుకి తెచ్చారు. అందులో అప్పటికే అలారం ఉంది. ఆయన ముచ్చటపడి కొన్న మూడు గుండ్రటి మీటర్లు బిగించి, చీకట్లో కనబడేట్టు వాటికి లైట్లు ఇవ్వాలి. ఉస్తాద్ పనంతా నాకే వదిలి ఒక్కమాట చెప్పాడు. "అలారం వైరు ముట్టకు. దాని కంచంల చెయ్యి పెట్టకు."

విన్నాను, తలూపాను. కానీ లైట్ స్విచ్ దాకా వైరు లాగాలంటే డాష్‌బోర్డు సగం విప్పాలి. అలారానికి కరెంటు తీసుకెళ్ళే వైరేమో చేతికందేంత దగ్గర్లో ఉంది. దాన్నే కోసి, మీటర్ల లైట్ల వైరు కలిపి మెలేసి, టేపు చుట్టి, మధ్యలో ఓ చిన్న స్విచ్చు పెట్టాను. మీటర్లు చక్కగా వెలిగాయి. డిప్లొమా అంటే ఇదీ అనుకున్నాను.

ఎండకి, కుదుపులకి ఆ ముడి వదులైంది. కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా ఎవరో వైరు కోశారనుకుని అరిచే రకం ఆ అలారం. ఆదివారం ఆరాధనలో, పాస్టరుగారు అందర్నీ మౌనంగా ప్రార్థించమన్న నిమిషంలోనే మొదలుపెట్టింది. ఆగింది, మళ్ళీ అరిచింది. మా ఆవిడ నావైపు చూసింది. నేను కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను.

ఆరాధన అయ్యాక ఆ పెద్దమనిషి నా దగ్గరికొచ్చి "సాయంత్రం రైలుకి విజయవాడ వెళ్తున్నానయ్యా, కారు స్టేషన్లో పెట్టి పోవాలి, ఏదో ఒకటి చెయ్యి" అన్నారు. డాష్‌బోర్డు విప్పే ఓపిక లేదు, తప్పు నాదేనని చెప్పే ధైర్యం అంతకన్నా లేదు. బానెట్ ఎత్తి సైరన్ వైరు పీకేశాను. "అయిపోయింది సార్" అన్నాను.

సోమవారం ఈ కథంతా ఉస్తాద్‌కి నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు.

"కారు యాడుంది?"

"స్టేషన్ పార్కింగులో."

"ఎప్పుడొస్తడు?"

"రేపు పొద్దున."

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు, కారు తాళాలు పెద్దమనిషి జేబులో ఉన్నాయి. ఉస్తాద్ షెడ్డు మూసి స్కూటర్ తీశాడు. "దాని నోరు మనం మూసినం. ఆయన వచ్చేదాక మనమే కూసోవాలె" అన్నాడు. మనం అన్నాడు. మూసింది నేనొక్కణ్ణే.

నిజం చెబుతున్నాను, నాకు సిగ్గుకంటే కోపమే ఎక్కువొచ్చింది. ఇంతోటిదానికి కాపలా ఏమిటి, చాదస్తం కాకపోతే. గోడవార నిలిపిన ఆ కారు పక్కన టూల్ బాక్సు పెట్టుకుని కూర్చున్నాం. పార్కింగ్ టిక్కెట్లు ఇచ్చేవాడు రెండుసార్లు మా చుట్టూ తిరిగి "ఏందీ, కారు ఎత్కపోనీకి వచ్చిండ్రా?" అన్నాడు. "దొంగలైతే గిట్ల కూసొని ఉప్మా తింటరా? నువ్వు సుత తిను" అని ఉస్తాద్ డబ్బా ముందుకి తోశాడు. వాడు తిన్నాడు. పొద్దుగూకాక "పిల్లలున్నరు, నువ్వు పో" అని నన్ను పంపేశాడు. అప్పటికే ఆయనకి యాభై దాటాయి, నడుం నొప్పి కూడా. అయినా నేను వెళ్ళిపోయాను. రాయకపోతే తప్పవుతుందని రాస్తున్నాను.

తెల్లారి నేను చేరుకున్న కాసేపటికే పెద్దమనిషి సూట్‌కేసుతో నడిచొచ్చారు. ఉస్తాద్ మాట్లాడతాడని చూశాను. ఆయన నా వెనక్కి జరిగి "నువ్వే చెప్పు" అన్నాడు. చెప్పాను. పని పోతుందని, చర్చిలో తలెత్తుకోలేనని తెలిసే చెప్పాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంట్లో గడిపిన ఆరు నెలలూ ఆ నాలుగు ముక్కలు చెప్పేలోపే కళ్ళముందు తిరిగాయి. పెద్దమనిషి తాళాలు నాకివ్వకుండా ఉస్తాద్ చేతికిచ్చారు. ఉస్తాద్ వాటిని నా చేతిలో పెట్టాడు.

అక్కడే, పెద్దమనిషి కళ్ళముందే, గంటన్నర పట్టింది. అలారం వైరుని మళ్ళీ విడిగా కలిపి, పీకేసిన సైరన్ వైరు తగిలించాను. మీటర్ల లైట్లకి లైట్ స్విచ్ నుంచి వేరే వైరు లాగి, వేరే ఫ్యూజు పెట్టాను. అలారం వేసి చూస్తే పార్కింగ్ లైట్లతోపాటు మీటర్లూ ఓసారి మిణుక్కుమన్నాయి. నేను మళ్ళీ ప్లయర్ అందుకోబోయాను. "మిణుక్కుమంటే అననీ. ఊకె మొత్తుకోకుంటే చాలు" అన్నాడు ఉస్తాద్.

ఆ పెద్దమనిషి మళ్ళీ మా షెడ్డుకి రాలేదు. చర్చిలో పలకరించేవారు, అంతవరకే. ఉస్తాద్ ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన దగ్గర ఇంకో పదకొండేళ్ళు పనిచేసి, తర్వాత సొంతంగా పెట్టుకున్నాను. నా పిల్లలు చదివారంటే, నేను ఈ పనిలో నిలబడ్డానంటే ఆయన వల్లే. ఆ ముక్క ఆయనతో ఎప్పుడూ అనలేదు. అని ఉంటే "ఏందీ గిదంత" అని విసుక్కునేవాడు, అయినా అని ఉండాల్సింది.

ఆ రోజు స్టేషన్లో పని అయ్యాక స్కూటర్ దగ్గర నిలబడి అడిగాను. "ఉస్తాద్, నేను రేపట్నించి రావాలా?"

"రేపెందుకు, ఇయ్యాల పని లేదా? ఎక్కు" అన్నాడు.

టూల్ బాక్సు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. ఆయన చొక్కా వీపంతా సున్నం. రాత్రంతా పార్కింగ్ గోడకి ఆనుకుని కూర్చున్నందుకు రెండు భుజాల దగ్గరా తెల్లగా పట్టేసింది. దులుపుదామని చెయ్యెత్తాను, తాకలేకపోయాను. రాణిగంజ్ దాకా ఆ వీపే చూస్తూ వచ్చాను.