మస్తాన్ పక్కన నిలబడ్డ మనిషి

1974లో కువైట్‌లోని షువైఖ్ రేవు దగ్గర ఒక భవన నిర్మాణ కంపెనీలో టైమ్‌కీపర్‌గా చేరాను. కూలీల హాజరు వేయడం నా పని. జనాభా లెక్కలు వచ్చినప్పుడు మా క్యాంపు జాబితా కూడా నేనే తయారుచేసేవాణ్ని. అరబ్బీలో రాసి ఉన్నదాన్ని ఇంగ్లీషులోకి ఎత్తిరాసి, ఒక కాపీ బీరువాలో దాచాలి. నా జాబితాలో తప్పుండదని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

1980 లెక్కలప్పుడు ఓబులేసు అనే లారీ మెకానిక్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. రాయచోటి వైపువాడు. వాళ్ల తాత పసుపులేటి ఓబయ్య ఒకప్పుడు మా కంపెనీలోనే పనిచేశాడట. వాళ్ల ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగి, ఇంటిల్లిపాదీ వేరే చోటికి వెళ్లాక ఆయన ఉత్తరాలు ఆగిపోయాయి. అప్పటికి ఐదేళ్లయింది.

"మా జేజిని బొట్టు తీసెయ్యమంటాండారు అన్నా. నువ్వు పోయి మీ అబ్బను కనుక్కోనిరా, అంతవరకూ తియ్యనని మొండికేసి కూచ్చోనుండాది," అన్నాడు. వాళ్ల వైపు జేజి అంటే నాయనమ్మ, అబ్బ అంటే తాత.

1975 నాటి కాపీ తీశాం. మూడు సాయంత్రాలు వేలు పెట్టి వెతికినా పసుపులేటివాళ్లు ఒక్కరూ లేరు. అప్పుడు తాతతో పాటు ఊరి నుంచి ఎవరెవరు వచ్చారని అడిగాను. అది జేజికి కంఠస్థమట, వీడికీ నేర్పి పంపింది: మస్తాన్, చిన్నప్ప. ఇద్దరూ అప్పటికే కంపెనీ వదిలి వెళ్లిపోయారు. మనవాళ్లు పరాయి దేశంలో ఏ వరుసలో నిలబడినా ఊరివాడి పక్కనే నిలబడతారు. పేర్లు రాసుకునేదీ ఆ వరుసలోనే. మస్తాన్ దొరికాడు. కింద చిన్నప్పా ఉన్నాడు. ఇద్దరి నడుమ 'బసబలటి ఉబయ', తోటపని, కడప జిల్లా.

అరబ్బీలో 'ప' లేదు, అచ్చులు అన్నీ రాయరు. పసుపులేటి కాస్తా అలా తయారైంది. మనిషిని అడగకుండా దాన్ని ఇంగ్లీషులోకి ఎక్కించిన మహానుభావుణ్ని తిట్టబోయి ఆగాను. దస్తూరీ నాదే. ఎదురుగా 'వఫ్రా తోటకు బదిలీ' అని కూడా నేనే రాశాను.

శుక్రవారం సెలవురోజు కంపెనీ పికప్ బండి అడిగి తీసుకుని, ఊళ్లకు దూరంగా వఫ్రాలో ఉన్న కంపెనీ తోటకు వెళ్లాం. టమాటా మడుల్లో ఒక ముసలాయన పైపుతో నీళ్లు పెడుతున్నాడు.

"ఎవురప్పా?"

"ఓబులేసును అబ్బా. సుబ్బన్న కొడుకును."

పంపిన ఉత్తరాలన్నీ తిరిగొచ్చాయని, ఊరే లేదని విన్నాక ఎక్కడికి పోవాలో తోచక ఉండిపోయానని ఆయన చెప్పుకొచ్చాడు. అదంతా అయ్యాకే అసలు మాట అడిగాడు.

"మీ జేజి?"

"ఉండాది అబ్బా. బొట్టు పెట్టుకోనే ఉండాది."

ముసలాయన పైపు వదిలేసి నవ్వాడు. నా బూట్ల నిండా నీళ్లు. నాకూ నవ్వు ఆగలేదు. నా ఉద్యోగంలో అంత సంతోషపడ్డ రోజు మరొకటి లేదు.

తర్వాతి జాబితా నుంచి ఇంటిపేరు మనిషి చేతే రెండుసార్లు చెప్పించుకుని రాశాను. ఎవరితో కలిసి వచ్చాడన్న గడి ఒకటి అదనంగా గీశాను. అదెందుకని మేనేజరు అడిగితే, నేను తప్పు రాసినా మనిషి దొరకడానికని చెప్పాను.